పడవకు రంగెయ్యబోయే ముందు

ఇంటి తలుపుకు రంగేసేవాడు పడవకూ వేస్తాడని అందరికీ ధీమా. వేస్తాడు కూడా. తలుపు మీద రంగు పెచ్చు లేస్తే చూడ్డానికి బాగోదు, పండక్కి మళ్లీ కొట్టిస్తారు, అంతే. పడవ మీద పెచ్చు లేస్తే మాత్రం అక్కణ్ణుంచి నీళ్లు చెక్కలోకి దిగుతాయి. దిగిన నీళ్లు ఓ పట్టాన బయటికి రావు. వానాకాలాలు తిరిగేసరికి బొటనవేలితో నొక్కితే దిగబడేంతగా బల్ల మెత్తబడుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో మేత సంచులు కట్టడానికి తిరిగే చిన్న పడవకైనా, కోనసీమ కాలువలో మనుషుల్ని దాటించే పడవకైనా ఇదే కథ. వడ్రంగం తెలిసినవాడికి పెరట్లోనే ప్లైవుడ్డుతో 14, 16 అడుగుల పడవ కట్టుకోవడం పెద్ద కష్టం కాదు. కడుతున్నన్నాళ్లూ ఉన్న ఓపిక రంగు దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది, అదీ చిక్కు. ఆఖరి రెండ్రోజుల్లో రంగు చుట్టేసి నీళ్లలోకి తోసేస్తారు. సొంతానికి కట్టుకున్నవాళ్లకీ, కూలికి రంగేసేవాళ్లకీ ఆ ఆఖరి పని గురించే ఈ నాలుగు మాటలు.

నన్నడిగితే పడవ రంగు పనిలో ముప్పాతిక భాగం టిన్ను మూత తీయకముందే అయిపోవాలి. మిగిలిన పాతికలోనూ కంటికి కనిపించే మెరుపు కన్నా ఎవరూ వంగి చూడని అంచులకే ఎక్కువ రంగు తాగించాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఏ రంగు అని కాదు. ఆ పడవ ఏ నీళ్లలో, ఎంతసేపు ఉంటుందని. సాయంత్రానికి ఒడ్డుకి లాగేసే పడవ వేరు, నెలల తరబడి నీళ్లలోనే కట్టేసి ఉంచేది వేరు. ఎప్పుడూ ఉప్పునీళ్లలో నానే పడవ అడుక్కి గుల్లలు పడతాయి, చెక్కను తొలిచే పురుగు పడుతుంది. దానికి విరుగుడుగా రాగి కలిసిన యాంటీఫౌలింగ్ రంగు వేస్తారు. పడవకి రంగు కావాలనగానే షాపులో దాన్నే చేతిలో పెట్టినా ఆశ్చర్యం లేదు. రోజూ ఇసుక మీదకి లాగే పడవకి అది దండగ ఖర్చు. చేపల చెరువు, రొయ్యల చెరువు పడవకైతే వేయనే కూడదు. ఆ రంగు పనిచేసేదే రాగిని కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదులుతూ. నిలవ నీటి చెరువులో ఆ రాగి ఎవరికి తగులుతుందో రైతుకి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఇలాంటి రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే విషం కలిపేవారు. సముద్ర జీవులకి అది చేసిన చేటు చూశాక అంతర్జాతీయ ఒప్పందం పెట్టి 2008 నుంచి ఓడల మీద నిషేధించారు. పాత సరుకు ఎక్కడైనా చవగ్గా దొరికినా ముట్టుకోకండి.

కాలం సంగతి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా 61 రోజులు నడుస్తుంది. మరబోట్లు ఒడ్డెక్కేది అప్పుడే కాబట్టి వాటి మరమ్మతులూ రంగులూ రోహిణి ఎండల్లోనే పడతాయి. వాళ్లకి గత్యంతరం లేదు. మీకు ఆ తొందర లేకపోతే ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోండి. వానలుండవు, మంచు తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు. ఎప్పుడు వేసినా పైన పందిరి ఉండాలి. కాలుతున్న చెక్క మీద రంగు పడగానే పైపొర ఆరిపోతుంది, అడుగునున్న థిన్నరు బయటికి పోలేక బుడగ కడుతుంది. వట్టి చెక్క మీద వేసే మొదటి పూతకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పొద్దుట్నుంచీ చెక్క వేడెక్కుతున్నకొద్దీ దాని సందుల్లోని గాలి ఉబ్బి పూతను పొడుచుకుని పైకి వస్తుంది. అందుకే ఆ ఒక్క పూతా ఎండ వాలాక, మధ్యాహ్నం రెండింటి తర్వాత వేయాలి. చెక్క చల్లబడుతూ పూతను తనే లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాతి పూతలు పొద్దున మంచు ఆరాక మొదలెట్టి ఎండెక్కే లోపు ముగించండి. సాయంత్రం నాలుగు దాటాక ఎనామిల్ గానీ వార్నిష్ గానీ కదపొద్దు. ఆరకముందే రాత్రి చెమ్మ పడితే తెల్లారేసరికి మెరుపంతా చచ్చిపోతుంది.

ప్లైవుడ్డు కొనేటప్పుడే ఐఎస్ 710 ముద్ర చూసుకుని ఉంటే సగం బెంగ తీరినట్టే. మెరైన్ ప్లైవుడ్డుకి మన దేశపు ప్రమాణం అది. ఐఎస్ 303 ముద్ర ఉన్నది అల్మరాలకి పనికొచ్చే సరుకు. అలాంటి దాంతో పడవ కట్టాక ఎంత ఖరీదైన రంగేసినా పొరలు విడిపోవడాన్ని ఆపలేరు. చెక్కలో తేమ 15 శాతం లోపుంటేనే పూత మొదలెట్టాలి, 12కి దగ్గరగా ఉంటే మరీ మంచిది. తేమ చూసే చిన్న మీటరు లేకపోతే జానెడు ప్లాస్టిక్ కాగితం తీసుకుని, నాలుగు వైపులా టేపు అంటించి బల్ల మీద ఒక పగలు ఉంచండి. లోపల చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగాలి.

ఇప్పుడు కోసిన ప్లైవుడ్డు ముక్కను పక్కకి తిప్పి అంచు చూడండి. ఒక పొర నిలువుకి, ఇంకో పొర అడ్డానికి పేర్చి ఉంటుంది. అడ్డపొర తెగినచోట పీచు గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. వెడల్పు మొహం మీద నీటిబొట్టు కాసేపు నిలుస్తుంది. అంచు మీద పడ్డ బొట్టు ఇట్టే ఇంకిపోతుంది. అక్కడ పల్చటి ఎపాక్సీ రాయండి. తడిగా మెరుస్తుంది, చూస్తుండగానే మెరుపు తగ్గి అంచు పొడిగా కనబడుతుంది. తాగేసిందన్నమాట. జిగురు తగ్గకముందే మళ్లీ రాయండి, మళ్లీ తాగుతుంది. మెరుపు నిలిచేదాకా అలా రాస్తూనే ఉండాలి, మామూలుగా మూడో పూతకి నిలుస్తుంది. స్క్రూ దిగిన ప్రతి బెజ్జానికీ, తెడ్డు కొక్కేనికి తొలిచిన చిల్లుకీ, నీళ్లు వదిలే బిరడా చిల్లు లోపలి గోడకీ ఇదే మర్యాద. బెజ్జం చుట్టూ రంగేసి బెజ్జంలో వేయకపోతే ఆ పడవ లోపల్నుంచి కుళ్లుతుంది, పైనున్న రంగు చెక్కుచెదరకుండా నవ్వుతూనే ఉంటుంది.

ఎపాక్సీ గురించి ఇంకో మాట. గట్టిపడ్డాక దాని పైన కొన్నిసార్లు జిడ్డులాంటి సన్నటి పొర తేలుతుంది, ముఖ్యంగా మన చెమ్మ గాలిలో. చూపుకి తెలియదు, వేలికి తెలుస్తుంది. ఆ జిడ్డు ఉండగానే సాండ్ పేపరు పడితే దాన్ని చెక్కంతా రుద్ది పంచినట్టవుతుంది. థిన్నరుతో తుడిచినా పూర్తిగా పోదు. నీళ్లకే పోతుంది. గిన్నెలు తోమే పచ్చపీచుతో మంచినీళ్లు పోసి రుద్ది కడిగి, ఆరబెట్టి, అప్పుడు 120 నంబరు పేపరు పట్టండి. ఇంత చవకైన పనిని ఎగ్గొట్టడం వల్లనే వేల రూపాయల రంగు పలకలు పలకలుగా ఊడొస్తుంది. ఇక కలిపే పాళ్లు డబ్బా మీద ఎంతుంటే అంతే. హార్డెనరు ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడదు, ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. ఎండాకాలంలో మగ్గు నిండా కలిపి పెడితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి.

లప్పం దగ్గర గోడల పని అలవాటు చేయించే తప్పు ఒకటుంది. గోడకి పట్టే లప్పం పడవకి పనికిరాదు, నీళ్లు తగిలితే మెత్తబడి రాలిపోతుంది. కారు డెంటింగులో వాడే పుట్టీ కూడా నీటి గీతకి కింద వద్దు. ఎపాక్సీలోనే ఫిల్లరు పొడి కలిపి చిక్కగా చేసుకున్నదే అన్నిచోట్లా నమ్మకం. బల్లలు పేర్చి కట్టిన పడవైతే లెక్క వేరు. కోరంగి, తాళ్లరేవు వైపు ఓడలు కట్టిన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకి సందుల్లో నార దూర్చడం, గుగ్గిలం నూనెలో మరిగించి పూయడం కొత్త కాదు. ఆ పూత కొంచెం మెత్తగా ఉండబట్టే పనిచేసేది. బల్లలు నీళ్లు తాగి ఉబ్బితే సందు మూసుకుంటుంది, లోపలున్నది అణగాలి. అక్కడ రాయిలా గట్టిపడే పుట్టీ పెడితే అది బయటికి తన్నుకొస్తుంది, రంగునీ వెంట తెస్తుంది. జీడిపిక్కల తొక్క నూనె పూసిన పాత పడవ చేతికొస్తే ఎనామిల్ వేస్తానని ఒప్పుకోకండి. నూనె దిగిన చెక్క మీద రంగు పట్టదు. ఆ నూనె పచ్చిగా తగిలితే ఒళ్లు పొక్కుతుంది కూడా.

ప్రైమరు అడిగితే అలవాటు కొద్దీ రెడ్ ఆక్సైడు ఇస్తారు. అది ఇనుముకి. చెక్కకి అల్యూమినియం కలిసిన వుడ్ ప్రైమరు దొరికితే అదే తీసుకోండి, అందులోని సన్నటి రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని తేమకి అడ్డం పడతాయి. ఎపాక్సీ పూసిన చెక్కకైతే ఎపాక్సీ ప్రైమరు. పై రంగు విషయంలో చిన్న పడవకి మంచి రకం ఎనామిల్ చాలని నా అభిప్రాయం. రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేను ఎక్కువకాలం మెరుస్తుంది, నిజమే. కానీ గీత పడ్డప్పుడల్లా సరిచేసుకోవడం చెరువు గట్టు మీద కుదిరే పని కాదు. దాన్ని పాత ఎనామిల్ మీద వేస్తే కింది రంగుని ముడతలుగా లేపేస్తుంది. అందులోని గట్టిపరిచే మందు స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకి చేటు, ఉబ్బసం పట్టుకుంటుంది. సరైన మాస్కు, గాలి ఏర్పాట్లు లేకుండా ఇంటి దగ్గర స్ప్రే మాట తలపెట్టొద్దు. రంగు ఎంపికలో లేత రంగులకే ఓటు. ముదురు నీలం, నలుపు వేసిన చెక్క మన ఎండకి కాలిపోతుంది, కీళ్లు విచ్చుకుంటాయి. సముద్రంలో వేటకెళ్లే పడవైతే రంగు మీ ఇష్టం కాకపోవచ్చు. ఏ రంగులుండాలో, నంబరు ఎక్కడ ఎంత సైజులో రాయాలో మత్స్యశాఖ ఆఫీసులో ముందే అడగండి.

ఎంత రంగు కొనాలన్న లెక్క చాలామంది అందాజుతో చేస్తారు. 16 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర పక్కగోడ ఉన్న చదును పడవ తీసుకుందాం. అడుగు భాగం 64 చదరపు అడుగులు, మొన సన్నబడుతుంది కాబట్టి 50 అనుకోండి. పక్కలకి పొడవూ వెడల్పూ కలిపి, రెండింతలు చేసి, ఎత్తుతో హెచ్చిస్తే 60. బయట 110, లోపల అంతే, మొత్తం 220. సీట్లు, అడ్డకర్రలు వేరు. ఎనామిల్‌లో ఘనపదార్థం సగం ఉండి, ఆరాక 40 మైక్రాన్ల మందం రావాలంటే లీటరు 134 చదరపు అడుగులకి వస్తుందని కాగితం మీద తేలుతుంది. బ్రష్షులో, డబ్బాలో, నేల మీద పోయింది తీసేస్తే చేతికొచ్చేది 100 నుంచి 110. రెండు పూతలకి నాలుగు లీటర్ల పైచిలుకు. రెండు లీటర్లతో రెండు పూతలూ అయిపోయాయంటే సంతోషించకండి, రావాల్సిన మందంలో సగమే వచ్చింది.

లోపలి భాగాన్ని చిన్నచూపు చూడొద్దు. పడవలో నిలిచేది వాననీరు. చెక్కని కుళ్లబెట్టడంలో ఉప్పునీటి కన్నా అదే ముందుంటుంది, ఉప్పు బూజును కొంత ఆపుతుంది కాబట్టి. అడ్డకర్రల కింద నీళ్లు వెనక్కి జారే కంతలు ఉన్నాయో లేదో చూసి, వాటిలో కూడా బ్రష్షు దూర్చండి. నిలబడేచోట మొదటి పూత తడి మీద జల్లించిన సన్న ఇసుక చల్లి, ఆరాక మిగిలింది ఊడ్చి, పైన ఇంకో పూత వేస్తే తడికాలు జారదు.

ఇక వార్నిష్. చెక్క నెమలికన్నులా మెరుస్తుంటే ఎవరికి చేదు? కానీ మన ఎండలో పడవంతా వార్నిష్ అంటే ఏటా ఓ పనిమనిషిని పోషించినట్టే. తెడ్లు, చుక్కాని పిడి, అంచు కర్ర లాంటి చేతికందే ముక్కలకి మాత్రం ఉంచుకుని తక్కినదానికి రంగేయండి. ఫర్నిచర్ పాలిష్ పని చేసేవాళ్లు తమకి బాగా వచ్చిన మెలమైను, లక్క పాలిష్ ఇక్కడా వేస్తామంటారు. లక్క నీళ్లకి తెల్లబడుతుంది. మెలమైను ఇంటి లోపలి సరుకు, చెక్క ఉబ్బి తగ్గుతుంటే పగులుతుంది. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే మెరైన్ వార్నిషే కావాలి. ఎపాక్సీ రాసి వదిలేద్దామన్నా కుదరదు, ఎండకి అది పచ్చబడి పొడిగా రాలుతుంది. దాని మీదా వార్నిష్ పడాల్సిందే.

టేకు చెక్కైతే దానిలోనే నూనె ఉంటుంది కాబట్టి అసిటోనుతో తుడిచి, ఆ నూనె మళ్లీ పైకి ఊరకముందే మొదటి పూత వేయాలి. మొదటి పూతకి వార్నిష్, థిన్నరు సగం సగం. రెండో పూతకి నాలుగో వంతు థిన్నరు. మూడు నుంచి దాదాపు చిక్కగానే. ఆరు పూతలు తక్కువ కాకుండా, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరబెట్టి, 320 పేపరు మెల్లగా పట్టి, తడిబట్టతో దుమ్ము తీసి వేసుకుంటూ పోవాలి. డబ్బాని ఊపకండి, ఊపితే గాలి కలిసి ఆ బుడగలన్నీ చెక్క మీదే పేలతాయి. పుల్లతో నెమ్మదిగా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, కావలసినంతే చిన్న గిన్నెలోకి వంచుకోండి. బ్రష్షు మూడో వంతు మాత్రమే ముంచి, ముందు అడ్డంగా పరిచి, తర్వాత చెక్క గీత వెంట బరువు పెట్టకుండా మొనతో ఒక్కసారి లాగండి. లాగాక తలవంచి, వెలుతురుకి ఎదురుగా ఏటవాలుగా చూడండి. ఎక్కడ తప్పిందో అప్పుడే తెలుస్తుంది. జిగురు పట్టడం మొదలయ్యాక తప్పు కనిపించినా బ్రష్షు పెట్టొద్దు. మర్నాడు పేపరు తీస్తుంది. పని మొదలెట్టే ముందు నేల మీద నీళ్లు చల్లండి, దుమ్ము లేవదు.

ఒంటి సంగతి చివర్లో చెప్తున్నానని చిన్నదనుకోకండి. పాత పడవ గీకేటప్పుడు పొడిగా గీకొద్దు. పూర్వం పడవలకి సీసపు సింధూరం పూసేవారు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందటి పూతలన్నీ అనుమానించాల్సినవే. నీళ్లు పోస్తూ తడి పేపరుతో రుద్దండి, ఆ బురద చెరువులోకి పోనీయకండి. ముక్కుకి కట్టిన తుండుగుడ్డ దుమ్మునే సరిగ్గా ఆపదు, థిన్నరు ఆవిరిని అసలాపదు. దుమ్ముకి ఎన్95, ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జి మాస్కు. చేతికంటిన ఎపాక్సీని థిన్నరుతో కడిగితే అది చర్మం లోపలికి ఇంకా తేలిగ్గా దిగుతుంది. ఒక్కసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక ఆ పని జన్మలో చేయలేరు, అందుకే నైట్రైలు గ్లౌజులు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదంటే నీళ్ల బక్కెట్లో ముంచండి.

కూలికి చేసేవాళ్లకి బేరం గురించి. “పడవకి ఇంత” అని గుత్తకి ఒప్పుకుంటే మీ పూతల సంఖ్య మీకు తెలియకుండానే తగ్గిపోతుంది. చదరపు అడుగులు, పూతలు, పేపరు పట్టడానికి పట్టే రోజులు విడివిడిగా కాగితం మీద రాసివ్వండి. ఆరబెట్టే రోజులకి కూలి అడగలేరు కాబట్టి ఆ రోజుల్లో ఇంకో పని పెట్టుకోండి, అంతేగానీ వాటిని కుదించకండి. ఆఖరి పూత పడ్డాక కనీసం వారం ఆరనిచ్చి పడవని నీళ్లలో దింపమనండి. వేలికి ఆరినట్టున్నా లోపల ఇంకా ఆరుతూనే ఉంటుంది. డబ్బులో పదోవంతు నెల తర్వాత తీసుకుంటానని మీరే చెప్పండి. ఆ నెల కాగానే వెళ్లి పడవని బోర్లించి అంచులు, బెజ్జాలు, అడుగు రాపిడి పడ్డచోట్లు చూడండి. మిగిలిన రంగుని డబ్బా మీద పేరు, తేదీ రాసి యజమాని దగ్గరే ఉంచండి. గీత పడ్డ రోజే ఒడ్డుకి లాగి, చెక్క ఆరాక గీకి పూసుకోవడం ఎలాగో ఒకసారి చేసి చూపించండి. అంత చిన్న పనికి మళ్లీ మిమ్మల్ని పిలవరు, కానీ పెద్ద పనికి మిమ్మల్నే పిలుస్తారు.